బగ్గీ గురించి నాలుగు మాటలు

విజయవాడ,
ఆదివారం.

చిరంజీవి రవికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాళ్లు ఎప్పటిలాగే. పద్మ వాళ్లు గృహప్రవేశం మాఘమాసానికి వాయిదా వేశారు. ఫోన్లోనే చెబుదామంటే "తర్వాత చేస్తా నాన్నా" అన్న నీ మాటకి మూడు వారాలు నిండాయి, అందుకని కాగితం పట్టుకున్నా. పని ఒత్తిడిలే. అంతేగా?

మంగళవారం గ్రూపులో పెట్టిన ఫొటో చూశా. చేతిలో రేకు రుద్దే గ్రైండరు, కళ్లకి అద్దాల్లేవు. వెనక గోడ గడియారం పదకొండు చూపిస్తోంది. ఇక్కడ రాత్రి పదకొండున్నర కనక, మీ ఫీనిక్స్‌లో పొద్దున పదకొండు. సెలవు పెట్టావేమో అనుకున్నా.

సరే, నువ్వు బాగుచేస్తున్న బగ్గీ సంగతి, అదే, ఇసుకలో తోలే ఆ పొట్టి కారు. చిట్టి యూట్యూబులో పెట్టి చూపించింది. 1964లో కాలిఫోర్నియాలో బ్రూస్ మేయర్స్ అనే ఆయన, పడవలు చేసే ఫైబర్ పని తెలిసినవాడు, ఈ ఫైబర్ బగ్గీలు మొదలెట్టాడట. తర్వాత ఫోక్స్‌వ్యాగన్ వాళ్ల బీటిల్ కారు అడుగు చాసిస్‌ని 14 అంగుళాల పైచిలుకు కోసి పొట్టి చేసి, మీద ఫైబర్ తొట్టి కూర్చోబెట్టారు. నీది దాని నకలేనన్నావు, అయితేనేం. ఫైబర్‌కి తుప్పు రాదు, తినేదంతా కింద రేకునే. బీటిల్‌కి బ్యాటరీ వెనక సీటు కింద, ఆ యాసిడ్ కారి చిల్లు పడేది అక్కడే. స్క్రూడ్రైవరుతో పొడిచి చూడు. ఎడారి ఊళ్లో అంత తుప్పేమిటా అనుకున్నా. సముద్రం ఒడ్డున తిరిగిన బండి అయ్యుంటుంది.

ఉప్పంటే గుర్తొచ్చింది. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత అవనిగడ్డ నుంచి ఒక జీపుని లారీకి కట్టి ఆటోనగర్ తెచ్చారు. ఇంజను బోరుల్లో బురద. నాకు పదిహేడేళ్లు. మస్తాన్ మేస్త్రి మంచినీళ్లతో మూడు రోజులు కడగమన్నాడు, చాసిస్ కమ్మీల లోపల కూడా. నేను రెండు రోజులు కడిగి, కమ్మీల జోలికి పోకుండా పైన నల్లరంగు కొట్టేశా. నిగనిగలాడింది. నాలుగు నెలలకి పామర్రు దగ్గర స్ప్రింగు పట్టీ ఊడొచ్చింది. పాత బండి, లోపల ముందే తినేసి ఉంది. మేస్త్రి ఒక్క మాట తిట్టలేదు. స్క్రూడ్రైవరు నా చేతికిచ్చి పొడవమన్నాడు. బిస్కెట్టులా దిగింది. మర్నాటి నుంచి షెడ్డు మొహం చూడలేదు. ఇంట్లో మాత్రం పొద్దున్నే చొక్కా వేసుకుని షెడ్డుకేనని చెప్పి, కృష్ణ ఒడ్డున మెట్ల మీద కూర్చునేవాణ్ణి. మూడో రోజు మధ్యాహ్నం మీ తాతయ్య క్యారేజీ పట్టుకుని తిన్నగా ఆ మెట్ల దగ్గరికే వచ్చారు. ఏమీ అడగలేదు. వంకాయ కూర. తిన్నాక, "రేపు మేస్త్రి రమ్మన్నాడు" అన్నారు. మొదటి రోజు నుంచే ఆయనకి తెలుసట.

ఎక్కడికో వెళ్లిపోయా. జాకీని నమ్మి బండి కిందకి దూరకు, స్టాండ్లు పెట్టు. పెట్రోలు గొట్టాలు పాతవి ఒక్కటీ ఉంచకు. ఆ బండికి ఇంజను వెనకుంటుంది, చుక్క కారినా నీకు కనపడదు. ఫైబర్ రుద్దేటప్పుడు మూతికి మాస్కు కట్టుకో, ఆ పొడి దగ్గు తెప్పిస్తుంది. వెల్డింగు రోజున ట్యాంకు విప్పి బయట పెట్టు. ఇవన్నీ నీకు తెలిసినవే, చెప్పకూడదనే అనుకున్నా.

సుబ్బారావు బాబాయి అల్లుడు మీ కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నారని ఏదో అన్నాడు. వాడి మాటలకేం. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి చూసుకోవాలట కదా, టీవీలో చెప్పారు. ఊరికే తెలుసుకుందామని.

వచ్చే నెల నా ఎఫ్‌డీ చేతికొస్తుంది. బ్యాంకు వడ్డీ ఏమాత్రం బాలేదు, మళ్లీ వెయ్యాలని లేదు.

కళ్లద్దాలూ తోలు గ్లవ్సులూ పార్సిల్ చేశా, గోంగూర కూడా ఉంది. అద్దాలు పెట్టుకున్న ఫొటో పంపు. మొన్నటిది అమ్మకి చూపించలేదు. ఆ గడియారం ఆగిపోయి ఉంటే సెల్లు మార్చరా.

నాన్న