కింద నుంచి లేస్తే ఒక పాయింటు

సంపాదకులకు నమస్కారం.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ప్రస్తుతం అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఉంటున్నాం. మా అమ్మాయి హైస్కూల్ జట్టులో కుస్తీ పడుతుంది. ఆ మాట చెప్పగానే ఇక్కడి మనవాళ్లు "కాలేజీ అడ్మిషన్‌కి పనికొస్తుందా?" అని అడుగుతారు. అందరికీ కలిపి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అయోవాలో కుస్తీ అంటే మన దగ్గర క్రికెట్ అంత పిచ్చి. అయినా ఆడపిల్లలకు విడిగా అధికారిక పోటీలు 2022-23 సీజన్‌లోనే మొదలయ్యాయి. వాళ్ల రాష్ట్ర స్థాయి పోటీలు కోరల్‌విల్‌లో జరుగుతాయి. మా పిల్ల అంతదాకా వెళ్లలేదు. తను గెలిచినవాటి కంటే ఓడినవే ఎక్కువ.

ఇక్కడి బడుల్లో ఆడే పద్ధతి వేరు. రెండేసి నిమిషాల చొప్పున మూడు రౌండ్లు. తర్వాతి రౌండ్లు చాలాసార్లు ఒకరు మోకాళ్లు, చేతులు మ్యాట్‌కి ఆనించి కింద, ఇంకొకరు పైన పట్టుకుని ఉండగా మొదలవుతాయి. కింద ఉన్నవాళ్లు పట్టు విడిపించుకుని లేస్తే 1 పాయింటు. ఒలింపిక్స్ కుస్తీలో ఈ పాయింటు లేదు. మొదట్లో మా అమ్మాయి కింద దొరికిపోగానే బిగుసుకుపోయేది. ప్రాక్టీసులో కోచ్ తనను పదే పదే కిందే ఉంచి లేవమనేవారు. ఇప్పుడు ఎలాగూ ఓడిపోయే ఆటలో కూడా చివరి సెకను దాకా ఆ ఒక్క పాయింటు కోసం పెనుగులాడుతుంది. నాకు అన్నిటికంటే నచ్చేది అదే.

ఆట అయ్యాక చేతులు కలపాలి, అది నియమం. రెఫరీ గెలిచినవాళ్ల చెయ్యి పైకెత్తుతుంటే ఓడినవాళ్లు పక్కనే నిలబడాలి. తర్వాత అవతలి కోచ్ దగ్గరికి వెళ్లి చెయ్యి కలిపి రావడం ఆనవాయితీ. కళ్ల నిండా నీళ్లున్నా సరే. పదిహేనేళ్ల పిల్ల ఊరందరి ముందు అలా నిలబడటం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. కానీ మార్కులు తగ్గితే టీచర్ సరిగ్గా చెప్పలేదనే పిల్ల, మొన్న లెక్కల పేపరు తెచ్చి ఎక్కడెక్కడ తప్పు చేసిందో తనే చూపించింది.

బరువు విషయంలో మాత్రం నాకు టెన్షన్ ఉండేది. 2024లో పారిస్‌లో వినేశ్ ఫోగట్‌ను 100 గ్రాములు ఎక్కువైందని ఫైనల్‌కు ముందు అనర్హురాలిని చేసినప్పుడు ఇంట్లో అందరం బాధపడ్డాం. ఇక్కడ బడి పిల్లలకు గట్టి నియమాలున్నాయి. సీజన్ మొదట్లో పరీక్ష చేసి ఒంట్లో నీరు సరిపడా ఉందో లేదో చూస్తారు. ఒంటి కొవ్వు ఆడపిల్లలకు 12 శాతం కంటే తగ్గేంత బరువుకు దిగనివ్వరు. వారానికి ఒంటి బరువులో 1.5 శాతం కంటే ఎక్కువ తగ్గకూడదు. 1997లో ముగ్గురు కాలేజీ కుర్రాళ్లు పోటీల కోసం బరువు తగ్గించుకోబోయి చనిపోయారు. నియమాలు బిగిసింది ఆ తర్వాతే.

మన రెండు రాష్ట్రాల్లోనూ బడి పిల్లలకు కుస్తీ పోటీలు జరుగుతాయి. పతకాలు వచ్చినప్పుడు ఫొటో వేస్తున్నారు, సంతోషం. దాంతోపాటు ఏ జిల్లాలో ఎక్కడ నేర్పుతున్నారో, పిల్లల బరువు గురించి తల్లిదండ్రులు కోచ్‌ను ఏమేం అడగాలో కూడా మీ జిల్లా పేజీల్లో రాయమని కోరుతున్నాను.

– ఒక తల్లి, వెస్ట్ డెమాయిన్, అయోవా