ముందు క్లీనింగ్, తర్వాతే క్యాప్సూల్స్

చిన్నా,

చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని, డాక్టరు డీప్ క్లీనింగ్ చేయించుకోమన్నారని, నువ్వేమో కొన్నాళ్లు యాంటీఆక్సిడెంట్ క్యాప్సూల్స్ వాడి చూస్తానని ఫోన్లో అన్నావు. ఫోన్లో అయితే వాదన అవుతుందని రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

ఆ క్యాప్సూల్స్ ఉత్త మోసమని నేననను. పంటికీ చిగురుకీ మధ్య పాచి పేరుకుంటే, అందులోని బ్యాక్టీరియా మీదికి మన తెల్ల రక్తకణాలు దండెత్తుతాయి. వాటిని చంపడానికి ఫ్రీ రాడికల్స్ అనే, దేన్నైనా ఇట్టే దెబ్బతీసే అణువుల్ని వదులుతాయి. ఇది నెలల తరబడి సాగితే ఆ రాడికల్స్ మన కణాలనే దెబ్బతీస్తాయి. చిగురుకు గట్టితనమిచ్చే కొల్లాజెన్ అనే ప్రొటీన్, పంటిని ఎముకకు కట్టి ఉంచే నారలు, ఆఖరికి ఎముక కూడా కొంచెం కొంచెంగా కరిగిపోతాయి. పన్ను కదిలేది అందుకే. ఆ రాడికల్స్‌ను అణిచేవే యాంటీఆక్సిడెంట్లు. అవి ఆ నష్టాన్ని తగ్గిస్తాయేమోనని పసుపులోని కర్క్యుమిన్‌నీ, గ్రీన్ టీలోని క్యాటెచిన్లనూ, టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీన్‌నూ పరీక్షిస్తున్నారు. కొన్నింటిలో రక్తం కారడం ఇంకాస్త తగ్గింది, చిగురు కాస్త మెరుగ్గా అతుక్కుంది. చాలావరకు చిన్న అధ్యయనాలే అయినా, ఆశ పెట్టుకోదగ్గ విషయమే.

కానీ ఆ పరీక్షలు ఎక్కువగా ఎలా చేస్తారో చూడు. ముందు అందరికీ క్లీనింగ్ చేస్తారు. ఆ తర్వాతే కొందరికి ఇవి అదనంగా ఇస్తారు. నువ్వు ఆ మొదటి మెట్టే దాటేస్తానంటున్నావు.

డాక్టరు గీతలున్న సన్నటి పుల్లలాంటి పరికరం చిగురు లోపలికి దింపి, ఒక్కో పంటి చుట్టూ ఆరు చోట్ల లోతు కొలుస్తారు. 3 మిల్లీమీటర్ల దాకా ఉంటే మామూలే. 4 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండి, రక్తం కూడా వస్తుంటే చూసుకోవాలి. నీకు కొన్నిచోట్ల 6 ఉందన్నావు. అంత లోతుకి బ్రష్ వెళ్లదు. అక్కడి పాచి గట్టిపడి గారగా మారి వేరును పట్టుకుని ఉంటుంది. ఏ మాత్రా దాన్ని కరిగించలేదు, పరికరంతో గీకి తీయాల్సిందే. అది ఉన్నంతకాలం క్యాప్సూల్ మింగడం, పొయ్యిలో కట్టెలు అలాగే ఉంచి నీళ్లు చిలకరించడమే.

ఇంకో సంగతి. కర్క్యుమిన్ మింగితే రక్తంలోకి చేరేది చాలా తక్కువ. అందుకే క్లీనింగ్ అయ్యాక దాన్ని జెల్ రూపంలో నేరుగా చిగురు సందులో పెట్టి చూస్తుంటారు. విటమిన్ సి కూడా యాంటీఆక్సిడెంటే. దాని విషయానికొస్తే, 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు స్కర్వీ జబ్బుతో చిగుళ్లు ఉబ్బిన నావికులకు నారింజలు, నిమ్మకాయలు ఇస్తే కోలుకున్నారు. వాళ్లకు ఆ విటమిన్ లోపించింది కాబట్టే అంత గుణం కనిపించింది. లోపం లేనివాళ్లు గుప్పెడు మింగినా అదే ఫలితం రాదు.

సిగరెట్ గురించి కూడా రాయక తప్పదు. చిగుళ్లకు అదే పెద్ద శత్రువు, పైగా రక్తం కారడాన్ని తగ్గించి జబ్బును కప్పేస్తుంది. ఫిన్లాండ్‌లో పొగతాగేవాళ్లకు బీటా కెరోటిన్ మాత్రలు ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగిందని 1994లో తేలింది. అదీ యాంటీఆక్సిడెంటే నాన్నా. నాకు భయం అందుకే. డాక్టరును అడగకుండా ఏదీ మొదలుపెట్టకు.

ఈ వారమే అపాయింట్‌మెంట్ తీసుకో. మత్తు ఇచ్చి చేస్తారు కాబట్టి పెద్దగా నొప్పి తెలియదు. కొన్ని వారాలకు మళ్లీ కొలుస్తారు, ఆ అంకెలు నాకు పంపు. షుగర్ పరీక్ష కూడా చేయించు, అది ఎక్కువుంటే చిగుళ్లు త్వరగా మానవు. క్యాప్సూల్స్ డబ్బా కూడా వెంట తీసుకెళ్లి చూపించు, వాడాలో వద్దో వాళ్లే చెబుతారు.

అమ్మ