ప్రైవేటు టూర్ అని అమ్మారు, కామాఠీపురా అనగానే నవ్వారు

టూర్ సంస్థ యాజమాన్యానికి,
హైదరాబాద్ కార్యాలయం.

విషయం: ముంబై ఫోర్ట్, కామాఠీపురా ప్రైవేటు వాకింగ్ టూర్‌లో సేవాలోపం. కట్టిన సొమ్ము మొత్తం వాపసు, మా బాపుకు రాతపూర్వక క్షమాపణ కోరుతూ.

అయ్యా,

మాది మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా ధర్మాబాద్. మిర్చి అడ్తి, అంటే కమిషన్ మీద అమ్మిపెట్టే వ్యాపారం. మీ ప్రకటన తెలుగులో చూసి, మీ ఆఫీసులో తెలుగులోనే మాట్లాడి డబ్బు కట్టాను కాబట్టి ఫిర్యాదు కూడా తెలుగులోనే రాస్తున్నాను. ఇంతకుముందు వాట్సాప్‌లో పెట్టిన ఫిర్యాదుకు మీ దగ్గర్నుంచి వచ్చింది ఒక్క ముక్క: "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం." దాని వెనకాలే, మళ్లీ టూర్‌కి వస్తే 20 శాతం తగ్గింపు ఇస్తామని కూపన్. ఆ కూపన్ పంపినవాళ్లు నేను రాసింది చదవలేదని నా అనుమానం. చదివినవాళ్లు ఎవరూ మమ్మల్ని మళ్లీ రమ్మనరు.

మేం అడిగింది ఏమిటో ముందు చెప్తాను. బాపు, అమ్మ, నేను, మా అమ్మాయి, నలుగురం. బాపుకు డెబ్బయి దాటాయి, మోకాళ్ల నొప్పులు. మెల్లగా నడిపించాలి, మధ్యలో కూర్చోబెట్టాలి. బాపుకు, నాకు, అమ్మాయికి మరాఠీ, హిందీ వచ్చు. అమ్మది బోధన్ పక్క పల్లె, ఇన్నేళ్లు ఇక్కడ ఉన్నా తెలుగులో చెప్తేనే ఆమెకు ఆనుతుంది. అందుకే తెలుగు గైడ్ కావాలన్నాను. వేరే ఎవరితోనూ కలపొద్దన్నాను. "ప్రైవేటు అంటే ప్రైవేటే సర్, గైడ్ మీ ఒక్క ఫ్యామిలీకే" అని మీ ఆఫీసావిడ అన్నారు. మామూలు రేటు కన్నా దాదాపు రెండింతలు, టాక్సీతో కలిపి 8,400 రూపాయలు, ఆ మాట మీదే కట్టాను.

అసలు అడిగింది ఇంకొకటి. ఫోర్ట్ ఏరియా చూశాక కామాఠీపురా తీసుకెళ్లి, బొంబాయి కట్టిన తెలుగువాళ్ల గురించి చెప్పాలని. బాపు వాళ్ల తాత మా వైపు నుంచే రాళ్ల పనికి బొంబాయి పోయినాయన. నిజాం ఇలాకా నుంచి అట్లా పోయి గోడలు కట్టి, రోడ్లు వేసి, రాళ్లు మోసిన కూలీలనే అక్కడ కామాఠీలన్నారు. వాళ్లు కుదురుకున్న పేట కాబట్టి కామాఠీపురా. అందరూ కూలీలుగానే ఉండిపోలేదు. జోతిబా ఫూలే 1873లో పుణేలో కులభేదాలకు ఎదురుగా సత్యశోధక్ సమాజ్ పెట్టినప్పుడు బొంబాయిలో ఆయనకు అండగా నిలిచినవాళ్లలో వ్యంకూ బాలాజీ కాళేవార్, జాయా కరాడీ లింగూ, రామయ్య వెంకయ్య అయ్యవారు లాంటి తెలుగు కాంట్రాక్టర్లున్నారు. మరాఠీలో ఫూలే చరిత్ర చదివినవాళ్లకు ఈ పేర్లు కొత్త కాదు. బాపు చదివారు. అక్కడ నిలబడి ఇంకెవరైనా చెప్తే వినాలన్నది ఆయన కోరిక. ఇదంతా నేను మెసేజ్‌లో రాశాను. "మా గైడ్‌కి కామాఠీల చరిత్ర కొట్టిన పిండి సర్" అని మీ ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. ఆ మెసేజ్ నా ఫోన్‌లో ఇంకా ఉంది.

ఇక జరిగింది.

దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో ముందురోజే చేరుకుని, పొద్దున్నే తయారై ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ ఎదుట నిలబడ్డాం. గైడ్ ముప్పావు గంట ఆలస్యంగా వచ్చాడు. వస్తూ వస్తూ నలుగురు కుర్రాళ్లను వెంటబెట్టుకొచ్చాడు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకునే పిల్లలు. "వీళ్లు కూడా మనతోనే" అన్నాడు. మాది ప్రైవేటు కదా అంటే, ఆ కుర్రాళ్లు నోరు తెరిచారు. వాళ్లకూ ప్రైవేటు అనే చెప్పి, ప్రైవేటు రేటే వసూలు చేశారట! వాళ్ల తప్పేమీ లేదు, పాపం బాపుకు చెయ్యి అందించి మెట్లెక్కించింది ఆ పిల్లలే. కానీ ఒకే గైడ్‌ను రెండు గుంపులకు విడివిడిగా అమ్మిన పనికి మీరు ఏం పేరు పెడతారో నాకు తెలియాలి. మా అడ్తిలో శాంపిలు ఒకటి చూపించి బస్తాలో ఇంకొకటి పోస్తే మర్నాడు రైతు గానీ షావుకారు గానీ మా గుమ్మం తొక్కడు.

తెలుగు గైడ్ అన్నారు. అతనికి వచ్చిన తెలుగు "బాగుంటది", "ఫోటో దిగండి", "జల్దీ రండి". మిగతాదంతా హిందీ. అమ్మకు నేనే చెప్పుకుంటూ నడిచాను. అట్లాంటప్పుడు అతనికి డబ్బెందుకు?

స్టేషన్ దగ్గర బాపు అడిగారు, ఈ రాతి మీద ఆకులు, నెమళ్లు, ముఖాలు ఇంత సన్నగా ఎవరు చెక్కారు బాబూ అని. "గూగుల్‌లో ఉంటది అంకుల్" అన్నాడు. ఉంటుంది, నిజమే. ఫ్రెడరిక్ విలియం స్టీవెన్స్ నమూనాతో 1878లో మొదలుపెట్టి పదేళ్లు కట్టారని, బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్ విద్యార్థులు ఆ చెక్కడపు పనిలో ఉన్నారని, 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిందని మా అమ్మాయి అక్కడికక్కడే ఫోన్‌లో చదివి వినిపించింది. గైడ్ తన సొంతంగా ఇచ్చిన సమాచారం ఒక్కటే: విక్టోరియా రాణి ఇక్కడే రైలు దిగిందట. ఆవిడ జన్మలో హిందూదేశంలో కాలు పెట్టలేదు.

కాలా ఘోడా, అంటే నల్ల గుర్రం విగ్రహం దగ్గరా అంతే. ఇప్పుడు అక్కడున్న రౌతు లేని గుర్రం బ్రిటిష్‌వాళ్లదేనని, మీద కూర్చున్న రాజు విరిగిపోయాడని చెప్పాడు. గుర్రం మీద రాజున్న పాత ఏడో ఎడ్వర్డ్ విగ్రహాన్ని 1965లో బైకల్లా జూ తోటకు తరలించారు, ఇప్పుడున్నది 2017లో పెట్టిన కొత్త గుర్రం. అమ్మాయి ఆ మాట అంటే "అయితే నువ్వే చెప్పు టూర్" అన్నాడు. నిజానికి ఆ పొద్దంతా అదే చెప్పింది. గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర 1911లో ఐదో జార్జ్ రాజు ఈ కమాను కింద నుంచే నడిచొచ్చాడన్నాడు. అది పూర్తయిందే 1924లో. ఆ కమాను కింద నుంచి నిజంగా నడిచినవాళ్లు 1948 ఫిబ్రవరిలో ఈ దేశం వదిలి వెళ్లిన చివరి ఇంగ్లీషు సిపాయిలు. ఇంత మంచి కథ చేతిలో పెట్టుకుని అబద్ధం చెప్పాల్సిన అవసరం ఏమొచ్చిందో నాకు అర్థం కాలేదు.

హుతాత్మా చౌక్ దగ్గర జరిగింది వేరే చెప్పాలి. ఫ్లోరా ఫౌంటెన్ చూపించి "సెల్ఫీ పాయింట్" అన్నాడు, పక్కనే కాగడా పట్టుకున్న ఆ ఇద్దరి విగ్రహం వైపు చూపు కూడా తిప్పలేదు. సంయుక్త మహారాష్ట్ర కోసం, అంటే మరాఠీవాళ్లందరికీ ఒకే రాష్ట్రం కావాలని ప్రాణాలిచ్చినవాళ్ల గుర్తు అది. నాందేడ్ జిల్లా వాళ్లకు అది ఉత్త విగ్రహం కాదండీ. 1956 దాకా మాది హైదరాబాద్ రాష్ట్రం. ఆ విభజనలో ముధోల్ తాలూకా, బాసర తెలంగాణ వైపు పోయాయి, మేం ఇటు ఉండిపోయాం, గోదావరికి అటూ ఇటూ పెళ్లిళ్లు పేరంటాలు మాత్రం అట్లాగే సాగుతున్నాయి. 1960 మే 1న మహారాష్ట్ర ఏర్పడినప్పుడు బాపు బడిపిల్లవాడు. అక్కడ కాసేపు ఆగుదామన్నారు. "టైం లేదు అంకుల్, తర్వాత షాపింగ్ ఉంది" అని జవాబు.

షాపింగ్ మా ప్లాన్‌లో లేదు. మీరు పంపిన కాగితంలో కూడా లేదు. ఉన్నది ఓవల్ మైదానం వైపు నుంచి రాజాబాయి టవర్. దాని కోసం అమ్మ ఎదురుచూసింది. ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ అనే పత్తి వ్యాపారి డబ్బిచ్చి తల్లి పేరు పెట్టించిన గడియారపు స్తంభం, 1878లో పూర్తయింది. కళ్లు కనపడని ఆ తల్లికి పొద్దుగూకేలోపు భోజనం వేళ తెలియాలని గంటలు పెట్టించాడని చెప్పుకుంటారు. నేను ఇంట్లో ఈ కథ చెప్పినప్పటి నుంచీ అమ్మ "ఆ కొడుకు కట్టించిన గంట చూడాలె" అంటూనే ఉంది. ఆ టవర్ వదిలేసి మమ్మల్ని కొలాబాలో ఒక హస్తకళల దుకాణంలో కూర్చోబెట్టారు. చాయ్ ఇచ్చి, శాలువాలు పరిచి, కొనకపోతే ముఖం మాడ్చుకున్నారు. కమిషన్ సంగతి నాకు తెలియనిది కాదు, నేనూ వ్యాపారినే. కాకపోతే నా కమిషన్ ఎంతో నా పట్టీ మీద రాసి ఉంటుంది.

ఇప్పటివరకు రాసినవన్నీ మన్నించి ఊరుకునేవాణ్ణే. ఆఖరిది మాత్రం కాదు.

దుకాణం బయటికొచ్చి టాక్సీ పిలవమన్నాను, కామాఠీపురా పోదామని. గైడ్ మా ముఖాలు చూసి, కుర్రాళ్ల వైపు తిరిగి కన్నుగీటి, పెద్దగా నవ్వాడు. "ఫ్యామిలీతో అక్కడికా? అంకుల్‌కి ఆ ఏరియా సంగతి తెలీదా?" అన్నాడు. మా అమ్మ ముందు. పదహారేళ్ల మనవరాలి ముందు. ఎవరూ నవ్వలేదు. ఆ కుర్రాళ్లే తలలు దించుకున్నారు. బాపు "మా తాత ఉన్న జాగా బాబూ అది" అని చెప్పబోతే, "అయితే మీకే బాగా తెలుసు కదా" అని ఇంకో జోకు. టాక్సీ పిలవలేదు. టూర్ అయిపోయిందన్నాడు. పోతూ పోతూ ఫోన్ నా ముందు పెట్టి, ఐదు నక్షత్రాలు కొట్టండి సర్, నా జీతం దాని మీదే ఉంటుంది అన్నాడు.

పడుపు వృత్తికి పేరుపడ్డ ఆ పేటలో ఏం జరిగేదో, ఇప్పటికీ ఏం జరుగుతుందో మాకు తెలియక కాదు. అక్కడ బతికే ఆడవాళ్లను చూసి నవ్వే హక్కు కూడా మీ గైడ్‌కు లేదు. రాళ్లు మోసినవాళ్ల చరిత్ర చెప్తానని డబ్బు తీసుకుని, ఆ మనుషుల మనవడిని నడిరోడ్డు మీద నవ్వులపాలు చేశారు. సేవాలోపం అనేది చట్టంలో మాట. మా ఇంట్లో దాన్ని అవమానం అంటాం.

మర్నాడు మేమే టాక్సీ మాట్లాడుకుని వెళ్లాం. ఏ ప్రమాదమూ జరగలేదు. పాత చాళ్లు (ఒక్కో గదిలో ఒక్కో కాపురం ఉండే భవనాలు), ఇరుకు గల్లీలు, సామాన్లు మోసే బండ్లు. ఒక మలుపులో అమ్మ నాతో తెలుగులో మాట్లాడటం విని, గుమ్మంలో కూర్చున్న ముసలాయన "ఏ ఊరోళ్లు?" అని పలకరించారు. ఆయన చెప్పిన పావుగంట కబుర్లకు మీ టూర్ మొత్తం సరితూగదు, పైగా ఆయన పైసా తీసుకోలేదు. ఆ చాళ్లన్నీ తీసేసి కొత్త భవనాలు కట్టే సర్కారు పథకం నడుస్తోంది. బాపు వయసుకు అవి ఉన్నట్టుగా చూడటానికి ఇంకో అవకాశం రాకపోవచ్చు. మీ గైడ్ మాట విని తిరిగొచ్చి ఉంటే ఆ ఒక్కటీ పోయేది.

నాకు కావలసినవి ఇవి. కట్టిన 8,400 రూపాయలు మొత్తం, కూపన్ రూపంలో కాకుండా, కట్టిన ఖాతాకే వెనక్కి రావాలి. మా బాపు పేరున, సంస్థ బాధ్యుడి సంతకంతో క్షమాపణ లేఖ రావాలి. వాట్సాప్ మెసేజ్ చెల్లదు, కాగితం మీద కావాలి. ఆ నలుగురు కుర్రాళ్ల డబ్బు కూడా వాళ్లకు తిరిగివ్వాలి. వాళ్లు అడగమనలేదు, నేనే అడుగుతున్నా. మీ దగ్గర తెలుగు వచ్చిన గైడ్ నిజంగా దొరికేదాకా ప్రకటనలోంచి "తెలుగు గైడ్" అనే మాట తీసేయాలి. ఆ గైడ్‌ను ఉద్యోగంలోంచి తీసెయ్యమని నేను అడగడం లేదు. నక్షత్రాల మీద జీతం కట్టి, దుకాణం కమిషన్ మీద బతకమని వదిలేసింది మీరు. అతనికి ముంబై చరిత్ర నేర్పించండి, పెద్దవాళ్లతో మాట్లాడటం నేర్పించండి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద నాందేడ్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాను. మీ షరతుల కాగితం చివర, వివాదాలన్నీ హైదరాబాద్ కోర్టుల్లోనే అని చిన్న అక్షరాలతో ఉంది. వినియోగదారుడు తాను ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేసుకోవచ్చని ఆ చట్టంలో 34వ సెక్షన్ చెప్తోంది. 5 లక్షల లోపు వ్యవహారాలకు ఫీజు కూడా లేదు. ఈ-జాగృతి అనే సర్కారు పోర్టల్లో ఇంట్లో కూర్చునే వేయొచ్చు, అది మా అమ్మాయికి నిమిషాల పని. రెండేళ్ల గడువుంది కాబట్టి నాకేం తొందర లేదు. అప్పుడు మాత్రం అడిగేది 8,400తో ఆగదు, మానసిక క్షోభకు, ఖర్చులకు కూడా కలిపి అడుగుతాను.

డబ్బు కట్టిన రసీదు, మీరు పంపిన ప్లాన్ కాగితం, కామాఠీపురా గురించి మీ ఆఫీసు ఇచ్చిన మాట ఉన్న మెసేజీల ప్రింట్లు ఈ లేఖతో జతపరుస్తున్నాను. ఆ కుర్రాళ్లలో ఒకరు తమ రసీదు కూడా పంపారు, వారి అనుమతితో అదీ పెట్టాను. రెండు రసీదుల మీదా ఒకే తేదీ, ఒకే వేళ, ఒకే గైడ్ పేరు ఉన్నాయి, చూసుకోండి.

జవాబు తెలుగులోనే రాయించండి. ఇంట్లో అందరి ముందూ చదవాలి.

ఇట్లు,
మీ టూర్‌కు డబ్బు కట్టిన వినియోగదారుడు,
ధర్మాబాద్, నాందేడ్ జిల్లా.