నీతి లేని పుస్తకం కాస్త ఆలస్యంగా వస్తుంది

నవంబరు మూడో గురువారం యునెస్కో వాళ్లు ప్రపంచ తత్త్వశాస్త్ర దినోత్సవం జరుపుతారు. ఆ రోజుకల్లా మన పిల్లల తత్త్వకథల రెండో పుస్తకం మీ చేతిలో ఉంటుందని మాటిచ్చాను. రాలేదు. సంక్రాంతి సెలవుల ముందు వస్తుంది. ముందే డబ్బు కట్టినవాళ్లలో ఎక్కువమంది మొదటి పుస్తకం నుంచీ మాతో ఉన్నవాళ్లే. మీకు "సాంకేతిక కారణాల వల్ల" అని రాసి చేతులు దులుపుకోబుద్ధి కాలేదు.

ప్రతి కథ అయ్యాక మనం అరపేజీ ఖాళీ వదులుతాం, చదివిన పిల్లలకి ఏ ప్రశ్న తోస్తే అది రాసుకోడానికి. ఫైనల్ ప్రూఫ్‌లో కూడా ఆ ఖాళీలు ఖాళీగానే ఉన్నాయి. చూసి, సంతకం పెట్టి పంపాను. తీరా అచ్చయి వచ్చిన కట్ట విప్పితే ఆ ఖాళీల్లో పూల బార్డరుతో బాక్సులు, బాక్సుల్లో లావుపాటి అక్షరాలతో "నీతి". ప్రెస్సులో పేజీలు పెట్టే అబ్బాయి ఖాళీ బాగోలేదని సొంతంగా నింపేశాడట. ఫోన్ చేస్తే ప్రెస్సు యజమాని అన్న మాట: "పిల్లల పుస్తకం కదమ్మా, నీతి లేకపోతే ఎలా? మీరు మర్చిపోయారనుకున్నాం."

మర్చిపోయాననుకున్నారట!

ఆ నీతులు ఎలా ఉన్నాయో చూడండి. తనే సీతాకోకచిలుకనని కలగన్న మనిషి, మేలుకున్నాక "మనిషినై సీతాకోకచిలుకనని కలగన్నానా, సీతాకోకచిలుకనై ఇప్పుడు మనిషినని కలగంటున్నానా" అని తికమకపడే కథ ఒకటుంది. దాదాపు 2300 ఏళ్ల కిందటి చైనా తాత్వికుడు జ్వాంగ్ జీది. దాన్ని మన కొబ్బరితోటలో మధ్యాహ్నం కునుకు తీసే పిల్లాడి కథగా రాశాం. దాని కింద నీతి: "పగటిపూట నిద్రపోరాదు."

ఇంకోటి తాత సైకిల్ కథ. చైను, టైర్లు, సీటు, ఆఖరికి ఫ్రేము కూడా ఒక్కొక్కటే మార్చేస్తారు. తీసేసిన పాత సామానంతా దాచి మెకానిక్ ఇంకో సైకిల్ బిగిస్తాడు. ఇప్పుడు తాత సైకిల్ ఏది? చెక్కలన్నీ ఒక్కొక్కటే మార్చేసిన థీసియస్ అనే వీరుడి ఓడ గురించి గ్రీకుల కాలం నుంచీ అడుగుతున్న ప్రశ్నే ఇది. పాత చెక్కలతో రెండో ఓడ కడితే అన్న మెలిక 17వ శతాబ్దంలో ఇంగ్లండు తాత్వికుడు హాబ్స్ పెట్టాడు. నీతి: "పాత వస్తువులను జాగ్రత్తగా వాడుకోవలెను."

ఈ రెంటికీ నవ్వుకున్నాను కూడా. మూడోదానికి మాత్రం నవ్వు రాలేదు. పెట్టుకుంటే ఎవరికీ కనపడకుండా పోయే ఉంగరం కథ అది. గ్రీకు తాత్వికుడు ప్లేటో రాసిన 'రిపబ్లిక్' పుస్తకంలో గ్లాకన్ అనే అతను సోక్రటీసుకి చెప్తాడు. పట్టుబడే భయమే లేకపోతే మనిషి మంచిగా ఎందుకుండాలి అన్నది అందులో ప్రశ్న. మన కథలో ఉంగరం రైతుబజారులో ఒక పిల్ల చేతికి దొరుకుతుంది. ఆ పిల్ల జామకాయల బండి ముందు నిలబడి ఉండగా కథ ఆపేశాం. కింద నీతి: "ఎవరూ చూడకపోయినా దేవుడు చూస్తాడు." ఎవరూ చూడనప్పుడు ఏం చేస్తావని అడిగితే, చూసేవాడున్నాడని చెప్తే ఇక ప్రశ్నెక్కడిది? జవాబు చెప్పడానికి సోక్రటీసుకి మిగతా పుస్తకమంతా పట్టింది. మా ప్రెస్సు అబ్బాయి ఒక్క లైనులో తేల్చేశాడు.

పోనీ పాడైన ఫారం (ఒకేసారి అచ్చయ్యే 16 పేజీల కాగితం) ఒక్కటీ మళ్లీ వేయిద్దామంటే, 48 పేజీల పుస్తకంలో మూడు ఫారాలు, మూడింటిలోనూ బాక్సులే. స్టిక్కర్ అంటించి చూశాం. మా దుకాణానికి వచ్చే ఒకటో తరగతి పాప చేతికిస్తే కథ వదిలేసి ముందు గోరుతో స్టిక్కరే గీకింది.

ఈలోగా ఒక ప్రైవేటు స్కూలు కరస్పాండెంట్ గారు వచ్చి కట్ట మీది కాపీ తిరగేశారు. "ఈసారి నీతులు పెట్టారే, బాగుంది. మొత్తం మాకిచ్చేయండి, బహుమతులకి పనికొస్తాయి" అన్నారు. వెయ్యి కాపీలు, రొక్కం. మా తమ్ముడు "అక్కా, కళ్లు మూసుకుని ఇచ్చేయ్" అన్నాడు. ఇస్తే అచ్చు ఖర్చూ, కాగితం ఖర్చూ చేతికొచ్చేవి, మీకు కొత్తవి వేసి ఇచ్చేదాన్ని. ఎవరికీ నష్టం లేదు. రాత్రిళ్లు నిద్రపట్టక లెక్కలు వేశాను. ఏ లెక్క వేసినా ఇవ్వడమే తెలివైన పని. అయినా మా పేరున్న అట్ట లోపల ఆ ఉంగరం కింద ఆ వాక్యంతో వెయ్యిమంది పిల్లల చేతికి పుస్తకం వెళ్లడం నాకు మింగుడుపడలేదు. ఇవ్వనన్నాను. మొండితనం అంటే అనండి.

ఇదేదో నేను కనిపెట్టిన పద్ధతి కాదు. మాథ్యూ లిప్‌మన్ అనే అమెరికన్ ప్రొఫెసర్ కొలంబియా యూనివర్సిటీలో పాఠం చెప్తూ, ఆలోచించడం నేర్పడానికి కాలేజీ వయసు మరీ ఆలస్యమనుకుని పిల్లల కోసం నవల రాశారు. 1974లో అమెరికాలోనే మాంట్‌క్లెయిర్ అనే ఊళ్లో ఈ పనికే ఒక సంస్థ పెట్టారు. అంత దూరం ఎందుకు, మన బేతాళుడు ఏం చేశాడు? కథ చెప్పి ప్రశ్న వేశాడు. ఒకామె మొగుడి తలా, ఆమె అన్నగారి తలా ఒకరిది ఒకరికి మారిపోయిన కథలో, మొగుడి తల ఎవరికుంటే వాడే మొగుడని విక్రమార్కుడు తీర్పు చెప్తాడు. మొన్న దుకాణంలో అది చదివితే ఒక పిల్లాడు లేచి "మరి మా తాతకి గుండె ఆపరేషన్ చేసి వేరే వాల్వు పెట్టారు, ఆయన మా తాతేనా?" అన్నాడు. కథ కింద "పెద్దల తీర్పును గౌరవించాలి" అని అచ్చేసి ఉంటే వాడు లేచేవాడా?

సరే, పని మాటలు. పుస్తకం వేరే ప్రెస్సులో అచ్చవుతోంది. ఈసారి ప్లేట్లు చేసేటప్పుడు నేనే అక్కడ కూర్చున్నాను. ముందే కట్టినవాళ్లు పైసా ఎక్కువ ఇవ్వక్కర్లేదు. మూడో పుస్తకం నుంచి మాత్రం ధర 120 నుంచి 140 అవుతుంది, ఇంతకన్నా తగ్గించలేను. ఆగలేమన్నవాళ్లకి డబ్బు వెనక్కి పంపుతాను, కారణం అడగను. పాత ప్రెస్సు వాళ్లు సగం కాగితం ఖర్చు ఇస్తామన్నారు, ఇంకా రాలేదు. వాళ్ల పేరు అడక్కండి, చెప్పను. ఆ అబ్బాయి మంచి చేద్దామనుకునే చేశాడు.

పాత కాపీలు పాత కాగితాల వాళ్లకి తూకానికి వేసేశాం. నీతులున్నదే కావాలని ఇప్పటికే ఇద్దరు ఫోన్ చేశారు. ఒక్కటి కూడా మిగల్లేదండీ.