పిల్లలు ఒప్పందాల గురించి ఎందుకు వాదించుకోవాలి: తల్లిదండ్రులకు లేఖ

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారాలు.

గత నెల చివరి శనివారం మన తొమ్మిది, పది తరగతుల విద్యార్థులు వాతావరణ మార్పును అరికట్టడానికి ప్రపంచ దేశాలు చేసుకున్న ఒప్పందాలపై మూడు గంటలపాటు వాదోపవాదాలు జరిపారు. ఆ తరువాతి వారంలో మీలో కొందరు నాకు ఫోన్ చేశారు, ఇద్దరు బడికి వచ్చి మాట్లాడారు. బొగ్గును సమర్థిస్తూ తమ అమ్మాయి చేత ఎందుకు మాట్లాడించామని ఒక తండ్రి బాధపడ్డారు. పదో తరగతి పరీక్షలు దగ్గరపడుతుండగా దేశాల తగవులతో పిల్లలకు పనేమిటని ఒక తల్లి అడిగారు. రెండు ప్రశ్నలూ సబబైనవే. వారికి అప్పుడు క్లుప్తంగా చెప్పిన సమాధానాన్ని ఇక్కడ అందరి కోసం వివరంగా రాస్తున్నాను.

ముందుగా, ఈసారి చర్చ పద్ధతిని ఎందుకు మార్చామో చెప్పాలి. నిరుడు ‘భూతాపాన్ని తగ్గించాలి’ అన్న అంశం ఇస్తే ఇరవై మంది మాట్లాడారు, ఇరవై మందీ ఒకే మాట చెప్పారు. చెట్లు నాటాలన్నారు, నీటిని పొదుపు చేయాలన్నారు, అందరం చప్పట్లు కొట్టాం. భూమి వేడెక్కితే మంచిదని వాదించే పక్షం లేదు కనుక అక్కడ చర్చే జరగలేదు. దేశాల మధ్య ముప్పై ఏళ్ళకు పైగా నలుగుతున్న తగవు వేరు. ఎవరు తగ్గించాలి, ఎంత తగ్గించాలి, ఏ సంవత్సరంలోగా తగ్గించాలి, అందుకయ్యే ఖర్చు ఎవరు భరించాలి అన్నదే అసలు పేచీ. అందువల్ల ఈసారి చీట్లు వేసి పిల్లలను ఆరు జట్లుగా చేసి భారత్, అమెరికా, చైనా, ఐరోపా సమాఖ్య, చిన్న ద్వీప దేశాలు, చమురు ఎగుమతి దేశాలు అని ఒక్కో పక్షాన్ని ఒక్కో జట్టుకు అప్పగించాం. తనకు వచ్చిన పక్షం నచ్చినా నచ్చకపోయినా దాని తరఫున నిజాయితీగా మాట్లాడాలన్నది ఒక నియమం. ప్రసంగం రాసుకునే ముందు ఒప్పందాల అసలు పాఠాన్ని చదవాలన్నది రెండో నియమం.

1992లో రియో డి జనీరో ధరిత్రీ సదస్సులో దేశాలు సంతకాలు చేసిన ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒడంబడికలో ఒక ముఖ్య సూత్రం ఉంది. వాతావరణాన్ని కాపాడే బాధ్యత అందరికీ ఉమ్మడిదే గాని, ఎవరి శక్తిని బట్టి, ఎవరి స్థితిని బట్టి వారి వంతు వేరుగా ఉంటుందని దాని భావం. భారత్ జట్టు దీన్నే పట్టుకుంది. మన దేశంలో సగటు మనిషి వల్ల ఏటా వెలువడే బొగ్గుపులుసు వాయువు రెండు టన్నుల చిల్లర మాత్రమే, అది అమెరికా పౌరుడి సగటులో సుమారు ఏడో వంతు అని వారు లెక్క చెప్పారు. దేశం మొత్తంగా చూస్తే ఉద్గారాలలో భారత్ ప్రపంచంలో మూడో స్థానంలో ఉంది కదా, సముద్రంలో మునిగిపోయే దీవికి తలసరి లెక్క ఏ విధంగా ఊరటనిస్తుందని ద్వీప దేశాల జట్టు నిలదీసింది. అప్పుడు భారత్ జట్టులోని ఒక అబ్బాయి ఎండాకాలంలో తమ అపార్ట్‌మెంట్‌లో జరిగే తగవును ఉదాహరణగా తెచ్చాడు. ట్యాంకర్ నీళ్ళ ఖర్చును ఫ్లాటుకింత అని పంచాలా, మనిషికింత అని పంచాలా అన్నది ఒక ప్రశ్న అయితే, బోరు ఎండిపోయేదాకా ఇన్నేళ్ళుగా తోటకు నీళ్ళు పారించుకున్నది ఎవరన్నది అంతకంటే పెద్ద ప్రశ్న అన్నాడు. చారిత్రక బాధ్యత అనే బరువైన పదాన్ని ఇంతకంటే స్పష్టంగా నేను విడమరచి చెప్పలేను.

ఇక ఒప్పందాల భాష విషయానికి వస్తాను. నేను చాలా ఏళ్ళు తెలుగు బోధించినదాన్ని కనుక నా మనసు ఇక్కడ ఎక్కువసేపు నిలిచింది. 2015 డిసెంబరు 12న పారిస్ ఒప్పందాన్ని ఆమోదించే సమయంలో, నాలుగో అధికరణంలోని ఒక్క క్రియాపదం వల్ల సమావేశం ఆగిపోయింది. అభివృద్ధి చెందిన దేశాలు తమ మొత్తం ఉద్గారాలను తగ్గించే లక్ష్యాలతో ముందు నడవడం గురించి చెప్పే వాక్యంలో ఆంగ్ల ప్రతిలో ‘షల్’ అని పడింది. అది అలాగే ఉంటే చట్టబద్ధమైన బాధ్యత అవుతుంది, అమెరికా సెనేట్ అనుమతి కావలసి వస్తుంది. ఉద్గారాలు తగ్గించే కట్టుబాటును సంపన్న దేశాలకే పెట్టిన క్యోటో ఒప్పందానికి కొద్ది నెలల ముందు, 1997 జులైలో, అభివృద్ధి చెందుతున్న దేశాలకు కూడా కట్టుబాట్లు లేని ఒప్పందంపై సంతకం చేయకూడదని అదే సెనేట్ 95-0 తేడాతో తీర్మానించింది. కాబట్టి పారిస్‌లో ఆ పదాన్ని అచ్చు పొరపాటుగా ప్రకటించి ‘షుడ్’ అని సవరించారు. ఈ రెంటినీ తెలుగులో ఎలా చెప్పాలని పిల్లలను అడిగాం. ‘చేయవలెను’, ‘చేయుట సముచితము’ అని ఒక జట్టు రాసింది. పెళ్ళికి ‘తప్పక రావాలి’ అని పిలవడానికీ, ‘వీలైతే రండి’ అని పిలవడానికీ ఉన్న తేడా అని ఒక అమ్మాయి చెప్పింది.

పరీక్షల గురించి అడిగిన తల్లికి నేను చెప్పిన జవాబు ఇదే. ఒక వాక్యాన్ని ఇంత శ్రద్ధగా చదివిన పిల్లలు ప్రశ్నపత్రాన్ని కూడా శ్రద్ధగా చదువుతారు. అంతకు మించి, వార్తాపత్రికలో ఒక హామీని చూసినప్పుడు అందులో ఏముందో, ఏం లేదో గుర్తుపడతారు. మన దేశం 2022లో సవరించి ఇచ్చిన హామీనే చూడండి. 2005తో పోలిస్తే 2030 నాటికి ఉద్గారాల తీవ్రతను 45 శాతం తగ్గిస్తామన్నది దాని సారాంశం. తీవ్రత అంటే జాతీయోత్పత్తిలో ప్రతి రూపాయికీ వెలువడే ఉద్గారం. మొత్తం ఉద్గారం పెరుగుతూనే తీవ్రత తగ్గవచ్చు. అలాగే విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, చమురు, సహజవాయువు కాని శిలాజేతర వనరులదై ఉండాలన్న లక్ష్యాన్ని దేశం 2025లోనే, ఐదేళ్ళు ముందుగా చేరుకుంది. అది నిజంగా గర్వించదగ్గ విషయం. అయితే గరిష్ఠంగా ఇవ్వగల సామర్థ్యం వేరు, వాస్తవంగా జరిగే ఉత్పత్తి వేరు. మన ఇళ్ళకు వచ్చే కరెంటులో అత్యధిక భాగం ఇప్పటికీ బొగ్గు నుంచే వస్తోంది. ఈ రెండు వాస్తవాలను ఒకేసారి మనసులో నిలుపుకోగలగడం పదిహేనేళ్ళ వయసులో చిన్న విషయం కాదు.

బొగ్గు మాట వచ్చింది కాబట్టి, బాధపడిన తండ్రిగారి ప్రశ్నకు వస్తాను. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సు చివరి గంటల్లో, బొగ్గు విద్యుత్తును ‘పూర్తిగా మానడం’ అన్న మాటను ‘క్రమంగా తగ్గించడం’గా మార్చాలని భారత్ పట్టుబట్టింది, చైనా కూడా అదే కోరింది. ద్వీప దేశాలు తీవ్రంగా నిరాశపడినా ఆ మార్పుతోనే ఒప్పందం కుదిరింది. వారి అమ్మాయి సమర్థించవలసి వచ్చింది ఆ నిర్ణయాన్నే. ఆమె కొత్తగూడెం, రామగుండం, భూపాలపల్లి పేర్లు చెప్పి, సింగరేణి గనుల మీద ఆధారపడిన కుటుంబాలకు ‘పూర్తిగా మానడం’ అన్న మాట ఎలా వినిపిస్తుందో వివరించింది. రామగుండంలో బొగ్గు విద్యుత్ కేంద్రం ఉన్న చోటనే జలాశయం మీద 100 మెగావాట్ల తేలియాడే సౌర ఫలకాలు కూడా ఉన్నాయని చెబుతూ, మార్పు వస్తుంది గాని దానికి గడువు కావాలని వాదించింది. బొగ్గు వాడకం ఇప్పటికంటే త్వరగా తగ్గాలన్నదే నా సొంత అభిప్రాయం. అయినా ఆ రోజు ఆమె మాటలు విన్నాక, ఆ గడువులో గని కార్మికుడి పిల్లల చదువు కూడా ఇమిడి ఉందని నాకు మునుపటి కంటే బాగా అర్థమైంది. అవతలివారి ఇబ్బంది తెలియకుండా ఏ ఒప్పందమూ నిలవదు గనుక, పిల్లలు తమకు ఇష్టం లేని పక్షాన కూడా నిలబడాలని కోరుకుంటున్నాను.

డబ్బు విషయంలో వాదన త్వరగా వేడెక్కింది. 2020 నాటికి పేద దేశాలకు ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని సంపన్న దేశాలు 2009లో కోపెన్‌హాగెన్‌లో ఇచ్చిన మాట రెండేళ్ళు ఆలస్యంగా నెరవేరింది. 2024లో బాకు సదస్సులో 2035 నాటికి ఏటా 30,000 కోట్ల డాలర్లు అన్నప్పుడు, అది బొత్తిగా చాలదని భారత ప్రతినిధి సభలోనే అభ్యంతరం చెప్పారు.

ఇవన్నీ దూరదేశాల ముచ్చట్లని అనిపించవచ్చు. కానీ 2012 అక్టోబరులో జీవవైవిధ్య ఒడంబడిక పదకొండో సదస్సు మన హైదరాబాద్‌లోనే జరిగింది, పేద దేశాలకు జీవవైవిధ్యం కోసం అందే నిధులను 2015 నాటికి రెట్టింపు చేయాలన్న నిర్ణయం ఇక్కడే వెలువడింది. పారిస్ ఒప్పందానికి ముందు వాదనలు జరుగుతున్న 2015 సంవత్సరంలోనే, మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి రెండు వేలకు పైగా ప్రాణాలు పోయాయి. 2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాద్‌లో కురిసిన వాన మీకందరికీ గుర్తే. అలాంటి ఒక్కొక్క వానకూ, ఒక్కొక్క ఎండకూ ఒకే కారణం చూపడం శాస్త్రీయం కాదని పిల్లలకు చెబుతూనే ఉన్నాం. గాలి వేడెక్కిన కొద్దీ అది ఎక్కువ తేమను మోయగలదని, అందువల్ల కుండపోతలు పెరుగుతాయని కూడా చెబుతున్నాం.

వచ్చే నెల రెండో శనివారం రెండో విడత చర్చ ఉంటుంది. ‘మాట తప్పిన దేశానికి శిక్ష ఉండాలి’ అన్నది అంశం. మొదటి విడతలోనే ఇది మొలకెత్తింది. క్యోటో ఒప్పందం ప్రామిసరీ నోటు లాంటిదని, పారిస్ ఒప్పందం చేబదులు లాంటిదని దుకాణదారు కుటుంబం నుంచి వచ్చిన ఒక విద్యార్థి అన్నాడు. పోలిక బాగా కుదిరింది. క్యోటోలో లక్ష్యం తప్పిన దేశం లోటుకు 1.3 రెట్లు తరువాతి గడువులో తీర్చాలన్న నిబంధన ఉండేది, వడ్డీ లాగానే. పారిస్‌లో అమలును చూసే సంఘం శిక్షించే ధోరణిలో ఉండకూడదని పదిహేనో అధికరణమే చెబుతుంది. శిక్ష ఉంటే మేలని ఒక పక్షం ఓజోన్ పొరను కాపాడిన 1987 నాటి మాంట్రియల్ ఒప్పందాన్ని చూపవచ్చు, ఎందుకంటే అందులో చేరని దేశాలతో ఆ రసాయనాల వ్యాపారంపై ఆంక్షలు ఉన్నాయి, చేరిన పేద దేశాలకు నిధీ ఉంది. శిక్ష ఉంటే అసలు బయటికే పోతారని మరో పక్షం క్యోటో నుంచి తప్పుకుంటున్నట్లు 2011లో ప్రకటించిన కెనడాను చూపవచ్చు. శిక్షలు లేని పారిస్ నుంచి కూడా అమెరికా ఒకసారి వైదొలగి, 2021లో తిరిగి చేరి, 2025 జనవరిలో మళ్ళీ వైదొలగుతున్నట్లు ప్రకటించిందని ఇంకొకరు గుర్తుచేయవచ్చు. పసిఫిక్ ద్వీపాల న్యాయశాస్త్ర విద్యార్థులు 2019లో మొదలుపెట్టిన ప్రయత్నాన్ని వనువాటు దేశం అందుకుని ఐక్యరాజ్యసమితికి తీసుకెళ్ళగా, 2025 జులైలో అంతర్జాతీయ న్యాయస్థానం వాతావరణాన్ని కాపాడడం దేశాల చట్టబద్ధమైన బాధ్యత అని అభిప్రాయం చెప్పింది. ఆ విద్యార్థుల కథ మన పిల్లలను ఎంతగా ఆకట్టుకుందో చెప్పడానికి మాటలు చాలవు.

మిమ్మల్ని మూడు విషయాలు కోరుతున్నాను. దయచేసి ప్రసంగాలు మీరు రాసి ఇవ్వకండి. చీటీలో వచ్చిన పక్షాన్ని మార్చమని కూడా అడగకండి. భోజనాల వేళ ఎదుటి పక్షం వహించి వారిని ప్రశ్నించండి. చర్చ ఉదయం పది గంటలకు మొదలవుతుంది. వెనుక వరుసల్లో కుర్చీలు వేయిస్తున్నాం కనుక, రాదలచినవారు ముందు బుధవారంలోగా తరగతి ఉపాధ్యాయులకు తెలియజేయగలరు.

భవదీయురాలు,
ప్రధానోపాధ్యాయురాలు