12 అంగుళాల చక్రాల పిల్లల సైకిళ్లు వెనక్కి పంపేశాను

అడ్వాన్సు కట్టి మూడు వారాలుగా ఎదురుచూస్తున్నవాళ్లకు ముందు అసలు సంగతి చెప్పాలి. సరుకు వచ్చింది. నేనే తిప్పి పంపాను.

పెట్టె విప్పగానే ఎప్పటిలాగే ముందు చక్రం పైకెత్తి, బండిని కాస్త ఎడమకు వంచాను. అలా వంచితే హ్యాండిల్ దానంతటదే ఎడమకు వాలిపోవాలి. వాలలేదు. చేత్తో తిప్పితే కరకరమంటూ తిరిగి, మధ్యకు రాగానే గాడిలో పడ్డట్టు ఆగిపోయింది. 20 బండ్లు చూస్తే 14 అంతే. హ్యాండిల్ తిరిగేచోట ఉండే బేరింగుల్లో గ్రీజు చుక్క లేదు. పంపినాయన్ని అడిగితే, "చిన్నపిల్లల బండే కదండీ, హ్యాండిల్ బిగుతుగా ఉంటేనే మంచిది" అన్నాడు. ఆ మాట నాకింకా మింగుడుపడలేదు. ఇన్నేళ్లుగా పిల్లల సైకిళ్లే నా బతుకు, నాతో అనాల్సిన మాటేనా అది?

బండి ఎటు ఒరుగుతుంటే అటే హ్యాండిల్ తిప్పాలి. అప్పుడు చక్రాలు ఒంటి కిందికి వచ్చి బండి నిలబడుతుంది. బ్యాలెన్సంతా అందులోనే ఉంది. కొత్తలో పిల్లలు ఆలస్యంగా, మరీ ఎక్కువగా తిప్పుతారు కాబట్టే పాములా మెలికలు పోతారు. పోనుపోను ఆ తిప్పడం కంటికి ఆననంత చిన్నదైపోతుంది. హ్యాండిల్ పట్టేస్తే పసివాడు ఇదెలా నేర్చుకుంటాడు? పడిపోయి, తనకే చేతకాదనుకుంటాడు. అది నేను చూడలేను.

ఇంకో మాట. ఇకమీదట సైడు చక్రాలు బిగించను. దీనికి నెలరోజులు నిద్రపట్టలేదు. అడిగినవాళ్లకు కాదంటే వేరేచోటికి పోతారు, ఇద్దరు ముగ్గురు పోయారు కూడా, బాధేసింది. కానీ ఆ చక్రాలుంటే బండి ఒరగదు. మలుపులో లోపలికి వంగాల్సిన పిల్ల బయటికి తూలుతుంది. తొక్కడం వస్తుంది, బ్యాలెన్సు రాదు. అవి ఊడదీసిన రోజు మళ్లీ మొదటికొస్తుంది. ఒంట్లో ఇబ్బంది ఉండి వాటి అవసరమున్న పిల్లలకు మాత్రం తప్పకుండా బిగిస్తాను.

మిగతావాళ్లకు పెడళ్లు తీసి, రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనేలా సీటు దించి ఇస్తాను. కాళ్లతో తోసుకుంటూ పోనివ్వండి. కొన్నాళ్లకు కాళ్లెత్తి జారుతూ పోవడం మొదలుపెడతారు. అది నిబ్బరంగా చేస్తున్నప్పుడు పెడళ్లు పెడదాం. పెడళ్లు లేని సైకిలేమిటని కొందరు నొచ్చుకున్నారు. 1817లో జర్మనీలో కార్ల్ ఫాన్ డ్రైస్ నడిపిన రెండు చక్రాల బండికీ పెడళ్లు లేవు, పెద్దవాళ్లే నేలను తన్నుకుంటూ పోయారు.

పెడళ్లు తీయడానికీ పెట్టడానికీ డబ్బు తీసుకోను. ఇంట్లో తీసేవాళ్లు ఎడమ పెడల్ దగ్గర జాగ్రత్త, దాని మర తిరగేసి ఉంటుంది. గడియారం ముల్లు తిరిగేవైపు తిప్పితేనే ఊడుతుంది.

మంచి సరుకు వచ్చేదాకా ఆగలేనివాళ్లకు అడ్వాన్సు మొత్తం తిరిగిస్తాను. ఇంతకుముందు నా దగ్గర కొన్నవాళ్లు కూడా ఒకసారి ముందు చక్రం ఎత్తి, బండి వంచి చూడండి. హ్యాండిల్ వాలకపోతే తీసుకురండి, బేరింగులు నేనే మారుస్తాను.