రోగిని వదిలి బంధువులతో మాట్లాడతారెందుకు?

సంపాదకులకు,

నమస్కారం. క్యాన్సర్ అని తేలిన మనిషిని ఎదురుగా పెట్టుకుని, ఆ మాట మాత్రం ఆ మనిషి చెవిన పడకుండా ఇంటిల్లిపాదీ కాపలా కాయడం చాలా కుటుంబాల్లో జరిగేదే. మా అన్నయ్య విషయంలో మేమూ అదే చేశాం. డాక్టరు మమ్మల్ని గది బయటికి పిలిచి మాట్లాడేవారు; అన్నయ్య మంచం మీద నుంచి మా ముఖాలు చూసేవాడు. మూడో విడత కీమో అయ్యాక ఒక రాత్రి, "నా జబ్బేమిటో నాకు ఎప్పుడో తెలుసు, దాచడానికి మీరు పడే అవస్థ చూసి ఊరుకున్నాను" అన్నాడు. నోటినిండా పుండ్లతో మంచినీళ్లు కూడా మింగలేకపోతున్నాడని, ఆ సంగతి చెబితే చికిత్స ఆపేస్తారేమోనని ఓర్చుకుంటున్నాడని మాకు ఆ రాత్రే తెలిసింది.

నిజం దాచడం తప్పా ఒప్పా అని వాదించుకుంటాం గానీ, దాని దెబ్బ ముందుగా తగిలేది బాధను తగ్గించే వైద్యానికే. గడ్డ ఎంత ఉందో స్కానింగులో కనబడుతుంది. వికారంగా ఉందా, రాత్రి నిద్ర పట్టిందా, నొప్పి ఏ మేరకు ఉందన్నది రోగి నోరు విప్పితే తప్ప ఎవరికీ తెలియదు. తెలియనట్టు నటించవలసి వచ్చిన మనిషి వీటికి సూటిగా ఎలా జవాబిస్తాడు? కీమో తీసుకునేవారికి జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటితే తెల్లవారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి, ఎందుకంటే తెల్ల రక్తకణాలు తగ్గిపోయిన ఒంట్లో ఇన్ఫెక్షన్ గంటల్లోనే ప్రాణం మీదికి తేగలదు. ఆ హెచ్చరిక సైతం మాకే చెప్పారు, ఒళ్లు కాలితే ముందుగా తెలిసే మనిషికి చెప్పలేదు.

వైద్యులు మారలేరని కాదు. 1961లో అమెరికాలో వెలువడిన ఒక సర్వేలో నూటికి 90 మంది వైద్యులు క్యాన్సర్ సంగతి రోగికి చెప్పకపోవడం వైపే మొగ్గారు. 1979లో వెలువడిన మరో సర్వేలో 97 శాతం మంది చెప్పడమే తమ పద్ధతి అన్నారు. చెప్పే తీరు కూడా నేర్చుకోదగినదే. 2000లో ప్రచురితమైన "స్పైక్స్" అనే ఆరంచెల పద్ధతిలో, కబురు చెప్పేముందు రోగికి ఇప్పటికే ఏం తెలుసు, ఇంకెంత తెలుసుకోవాలనుకుంటున్నారు అని అడగాలి. "నాకొద్దు, మా అబ్బాయికి చెప్పండి" అనే రోగులూ ఉంటారు. అదీ వారి ఇష్టమే, కాకపోతే ముందు వారిని అడగాలి కదా.

పాలియేటివ్ కేర్, అంటే రోగి బాధను తగ్గించే ఈ వైద్యం, అనగానే "డాక్టర్లు చేతులెత్తేశారు" అని బెంబేలెత్తే బంధువులు 2010లో వెలువడిన ఒక అధ్యయనం గురించి తెలుసుకోవాలి. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ కొత్తగా బయటపడిన 151 మందిలో, మామూలు చికిత్సతోపాటు మొదటి నుంచే ఈ సేవ అందినవారికి దిగులు తక్కువగా ఉంది, రోజులు కాస్త సుఖంగా గడిచాయి. అంతేకాక వారి మధ్యగత ఆయుష్షు (సగం మంది అంతకు మించి బతికిన కాలం) 11.6 నెలలు కాగా, మామూలు చికిత్స మాత్రమే పొందినవారిది 8.9 నెలలు. మార్ఫిన్ అంటే ఆఖరి రోజుల మందని భయపడి నొప్పిని దాచుకునేవారూ ఉన్నారు. తగిన మోతాదులో, వైద్యుల పర్యవేక్షణలో వాడితే నొప్పి ఉన్న ఏ దశలోనైనా అది పనికొస్తుంది. దానితో తరచుగా వచ్చే ఇబ్బంది మలబద్ధకం. విరేచనం సాఫీగా అయ్యే మందు మొదటి రోజే కలిపి రాస్తే అదీ అదుపులో ఉంటుంది.

ఆస్పత్రులను నేను కోరేది ఒక్కటే. ప్రతి విడతకు ముందూ వైద్యులో నర్సో రోగి పక్కన కూర్చుని, బంధువులు మధ్యలో అందుకోకుండా, ఎలా ఉందని రోగినే అడగాలి. రాత్రివేళ ఫోను చేయవలసిన నంబరు రోగి చేతికే ఇవ్వాలి.

నాలుగో విడతకు వెళ్లినప్పుడు డాక్టరు ఎదుటి కుర్చీలో అన్నయ్యే కూర్చుని పుండ్ల సంగతి చెప్పాడు. మోతాదు కొంత తగ్గించి, నొప్పి తగ్గేందుకు పుక్కిలించే మందు రాశారు. తను భయపడినట్టు చికిత్స ఏమీ ఆపలేదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు